‘కోడలు బువ్వ పెడ్తలేదు!’

మధ్యాహ్నం రెండున్నర. నల్గొండలో ఓ మధ్యతరగతి కాలనీ. అరుగు మీద కూర్చున్న డెబ్భై ఆరేళ్ల పెద్దావిడ వీధిలో పోయేవాళ్లను ఆపి మరీ చెబుతోంది.

“పొద్దున్నుంచి నా నోట్ల మెతుకు పడలే బిడ్డా! గీ కోడలు నాకు బువ్వ పెడ్తలేదు.”

లోపల కోడలు అత్తగారు తిన్న కంచమే కడుగుతోంది. అన్నం, పప్పు, ఇంత పెరుగు... తిని పావుగంట కూడా కాలేదు! బయటి మాట చెవిన పడగానే ఆమె చేతులు ఆగిపోయాయి. సాయంత్రానికి ఈ మాట వాడకట్టంతా తిరుగుతుంది. రాత్రికి సూర్యాపేట నుంచి ఆడబిడ్డ ఫోన్ చేస్తుంది. “ఏంది వదినె, మా అమ్మకు తిండి పెడ్తలేవంట?”

ఇంతకీ ఇందులో అబద్ధం ఎవరిది?

ఎవరిదీ కాదు. కోడలు పెట్టింది నిజం. తిన్న సంగతి అత్తగారి మెదడులో నిలవలేదన్నదీ నిజమే. నిలవని సంగతి ఆమె దృష్టిలో జరగని సంగతే కదా!

ఇది ఫలానా ఇంటి కథ అని చెప్పలేం. అటు నల్గొండలో, ఇటు పాలమూరులో ఎన్నో గడపల లోపల జరుగుతున్నది ఇదే. జబ్బు పేరు డిమెన్షియా. అది పట్టుకున్నది ఒకరినే అయినా, కుదేలయ్యేది ఇల్లంతా. అందరికంటే ఎక్కువగా నలిగిపోయేది దగ్గరుండి చూసుకునే ఆడమనిషి. ఆమె కోడలు కావచ్చు, కూతురు కావచ్చు, డెబ్భై ఏళ్ల భార్యే కావచ్చు. అందుకే ఈ జబ్బులో రోగికి మందులు ఎంత ముఖ్యమో, ఆమెకు ఓ మంచి మాట, సరైన సలహా అంత ముఖ్యం. దాన్నే కౌన్సెలింగ్ అంటున్నాం. అది మనకు దొరుకుతుందా? ఎక్కడ?

చాదస్తమా... జబ్బా?

“ముసలితనం గదా, చాదస్తం” అని చాలామంది కొట్టిపారేస్తారు. “సోయి తప్పింది” అని ఊరుకుంటారు. గాలి సోకిందంటూ తాయెత్తులు కట్టించేవారూ ఉన్నారు. ఈలోగా రెండు మూడేళ్లు గడిచిపోతాయి.

తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరిచిపోయి ఇల్లంతా వెతకడం మామూలు మతిమరుపు. కళ్లజోడు చేతిలో పట్టుకుని ‘ఇదేంది?’ అని అడిగితే అనుమానించాల్సిందే. పెళ్లిలో కనిపించిన దూరపు చుట్టం పేరు చప్పున తట్టకపోవడం ఎవరికైనా ఉండేదే. నలభై ఏళ్లుగా చేస్తున్న పచ్చిపులుసుకు ముందు ఏం చేయాలో తోచక పొయ్యి దగ్గర నిలబడిపోవడం, తెలిసిన సందులోనే దారి తప్పడం, కిరాణా దుకాణంలో చిల్లర లెక్క చూసుకోలేకపోవడం, అడిగిందే పదిసార్లు అడగడం, గొలుసు ఎక్కడో దాచి ‘కోడలు దొంగిలించింది’ అనడం... ఇవి నెలల తరబడి పెరుగుతూ వస్తుంటే అది వయసు చేసే పని కాదు.

డిమెన్షియాలో రకాలున్నాయి. ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. బీపీ, షుగర్ ముదిరి, చిన్న చిన్న పక్షవాతాలు వచ్చి మెదడుకు రక్తం సరిగా అందక వచ్చేది మరో రకం. అల్జీమర్స్‌కు ఆ పేరు జర్మనీ డాక్టరు అలాయిస్ అల్జీమర్ వల్ల వచ్చింది. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో ఆయన చూసిన ఓ యాభై ఒక్క ఏళ్ల ఇల్లాలి గురించి 1906లో వైద్యుల సభలో వివరించాడు. ఆమెలో మొదట కనిపించిన లక్షణం ఏమిటో తెలుసా? భర్తను ఊరికే అనుమానించడం! కాబట్టి, అత్తగారు మిమ్మల్ని దొంగ అంటున్నారంటే అది మీ మీద కోపం కాదు. ఈ జబ్బుతో పాటు అనుమానం రావడం మొదటినుంచీ ఉన్నదే.

మరి అదే మనిషి తన పెళ్లినాటి ముచ్చట్లు, చిన్నప్పటి బతుకమ్మ ఆటలు పూసగుచ్చినట్టు ఎలా చెబుతుంది? ఇక్కడే ఇంట్లోవాళ్లు మోసపోతారు. ‘అన్నీ గుర్తున్నాయి, కావాలనే సతాయిస్తోంది’ అనుకుంటారు. అల్జీమర్స్‌లో కొత్త సంగతులను దాచుకునే మెదడు భాగం ముందుగా దెబ్బతింటుంది. పాతవి చాలాకాలం పదిలంగానే ఉంటాయి. యాభై ఏళ్ల కిందటి పెళ్లి గుర్తుండి, పావుగంట కిందటి అన్నం గుర్తుండకపోవడానికి కారణం ఇదే.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

2023లో వెలువడిన ఓ పెద్ద అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది. అంటే సుమారు 88 లక్షల మంది. పురుషుల్లో 5.8 శాతం అయితే స్త్రీలలో 9 శాతం. పట్నాల్లో 5.3 శాతం ఉంటే పల్లెల్లో 8.4 శాతం! ‘ఇది పట్నపోళ్ల రోగం’ అనే మాట ఇక చెల్లదు.

జబ్బు పడేవారిలోనూ ఆడవారే ఎక్కువ, వారికి చాకిరీ చేసేవారిలోనూ ఆడవారే ఎక్కువ. ఈ సంగతి ఎక్కడా కాగితం మీద పెట్టనక్కర్లేదు, మన వీధిలో నాలుగిళ్లు చూస్తే చాలు.

కౌన్సెలింగ్ అంటే నీతులు చెప్పడమా?

‘మాట్లాడితే జబ్బు తగ్గుతుందా?’ అని అడుగుతారు. తగ్గదు. అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు ఇప్పటికీ లేదు. డొనెపెజిల్, మెమాంటిన్ లాంటివి కొందరిలో లక్షణాలను కొంతకాలం అదుపులో ఉంచుతాయి. కానీ రోజుకు ఇరవై నాలుగు గంటలూ ఈ జబ్బుతో కాపురం చేసే మనిషి తట్టుకుని నిలబడటానికి మాటే మందు.

న్యూయార్క్‌లో 406 మంది భార్యాభర్తలపై ఏళ్ల తరబడి ఓ పరిశోధన జరిగింది. వీరంతా జబ్బుపడిన జీవిత భాగస్వామిని ఇంట్లోనే చూసుకుంటున్నవారు. వారిలో సగం మందికి ఆరుసార్లు కౌన్సెలింగ్ ఇచ్చారు. రెండుసార్లు ఒంటరిగా, నాలుగుసార్లు కుటుంబ సభ్యులందరినీ కూర్చోబెట్టి! ఆ తర్వాత ఎప్పుడు అవసరమైతే అప్పుడు ఫోన్‌లో సలహా. ఫలితాలు 2006లో వచ్చాయి. కౌన్సెలింగ్ అందిన ఇళ్లలో రోగిని వృద్ధుల సంరక్షణ కేంద్రానికి పంపాల్సిన పరిస్థితి 557 రోజులు ఆలస్యంగా వచ్చింది. అంటే ఏడాదిన్నర!

అమెరికా సంగతి మనకెందుకు అంటారా? అయితే గోవాకు రండి. అక్కడ 81 కుటుంబాలతో చేసిన ప్రయత్నం 2008లో ప్రచురితమైంది. ఇళ్లకు వెళ్లి సలహా చెప్పినవారు డాక్టర్లు కాదు. స్థానిక భాష వచ్చి, కొద్దిరోజులు శిక్షణ పొందిన మామూలు మనుషులు. వారి వెనుక డాక్టర్లు ఉన్నారు. ఆరు నెలల పాటు వచ్చి పోయేసరికి చూసుకునేవారి మనసు కుదుటపడింది, రోగి ప్రవర్తన వల్ల కలిగే బాధ తగ్గింది. మన ఆశా కార్యకర్తలు, స్వయం సహాయక సంఘాల మహిళలు చేయలేని పనా ఇది?

ఇంతకూ కౌన్సెలర్ ఏం చేస్తారు? ముందు వింటారు. రాత్రిళ్లు ఎన్ని గంటలు నిద్రపోతున్నారని మిమ్మల్ని అడుగుతారు. జబ్బు ఏమిటో, రేపు ఎలా ఉండబోతోందో కుటుంబానికంతటికీ విడమరచి చెబుతారు. అత్తగారు అరిచినప్పుడు ఏం అనాలో, ఏం అనకూడదో నేర్పుతారు. ఆ సూర్యాపేట ఆడబిడ్డను కూడా పిలిపించి కూర్చోబెడతారు. సగం గొడవలు అక్కడే తీరిపోతాయి!

మన దగ్గర ఎక్కడికి వెళ్లాలి?

‘డిమెన్షియా కౌన్సెలింగ్ కేంద్రం’ అనే బోర్డు కోసం మన పట్టణాల్లో వెతికితే ప్రయోజనం తక్కువ. తట్టాల్సిన తలుపులు వేరే ఉన్నాయి.

మొదటిది, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటలలో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. నార్కెట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో ప్రైవేటు మెడికల్ కాలేజీ ఆసుపత్రులు అంతకుముందు నుంచే ఉన్నాయి. అక్కడ ముందు జనరల్ మెడిసిన్‌లో చూపించి, ఆ తర్వాత మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. ‘మెంటల్ డాక్టరా? మా అత్తమ్మకు పిచ్చా?’ అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. పిచ్చి కాదు. షుగర్‌కు ఒక డాక్టరున్నట్టే మనసుకూ, మతికీ ఒక డాక్టరున్నారు, అంతే.

ముందు పరీక్షలు ఎందుకంటే... థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ లోపించినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, ఎప్పుడో జారిపడి తలలో రక్తం గడ్డకట్టినా, లోలోపల దిగులు పేరుకున్నా మతి తప్పినట్టే కనిపిస్తుంది. ఇవి చాలావరకు వైద్యంతో చక్కబడేవి. ‘ఇంక గింతే’ అని ముందే తీర్మానించి కూర్చుంటే నయమయ్యేది కూడా నయం కాకుండా పోతుంది.

రెండోది, హైదరాబాద్. నల్గొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్ల దూరం. పంజాగుట్టలోని నిమ్స్‌లో నరాల వైద్య విభాగం, ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉన్నాయి. మనకు గర్వంగా చెప్పుకోదగ్గ సంగతి ఒకటుంది. నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది రోగులను డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పరిశీలించి 2013లో వెల్లడించింది. ఒకే భాష వచ్చినవారి కంటే రెండు, అంతకుమించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. బడి ముఖం చూడనివారిలోనూ ఈ తేడా కనిపించింది! ఇంట్లో తెలుగు, అంగట్లో ఉర్దూ మాట్లాడుతూ పెరిగిన మన పెద్దవాళ్లకు ఇది తీపి కబురే.

అల్జీమర్స్ బాధితుల కోసం 1992లో కేరళలో మొదలైన ఏఆర్‌డీఎస్ఐ సంస్థకు హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. ఈ జబ్బున్న ఇళ్లవారికి దారి చూపడం ఈ సంస్థ పని.

మూడోది, ఇంట్లోంచి కదలలేని వారికి ఫోన్. 14416 అనే నంబరు టెలిమానస్‌ది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బు ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. చూసుకునేవారు తమ బాధ చెప్పుకోవడానికీ ఇదే నంబరు. 14567 వయోవృద్ధుల సహాయ నంబరు. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. పింఛను, చట్టపరమైన సలహా, ఆసరా లేని వృద్ధుల సంగతి... వీటికి దీన్ని అడగాలి.

డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు ఓ పదిహేను రోజుల పాటు నోటు పుస్తకంలో రాసిపెట్టుకోండి. ఏ పూట ఎక్కువ గొడవ చేస్తున్నారు, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఏ మందులు వేసుకుంటున్నారు... ఇవన్నీ. ఓపీ రద్దీలో డాక్టరుకు అత్తగారి గురించి అడగడానికే సమయం సరిపోతుంది. మీ గురించి అడగకపోతే మీరే నోరు తెరవండి. “డాక్టర్ గారూ, నాకు నిద్ర ఉంటలేదు. నాతో కూడా జెర మాట్లాడండి” అనండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అమ్మకు వంతులు వద్దు

మన పల్లెల్లో ఓ పద్ధతి ఉంది. ముగ్గురు కొడుకులుంటే అమ్మ నెలకొకరి ఇంట్లో వంతులవారీగా తింటుంది. మామూలుగా ఉన్నప్పుడు సరే. మతిమరుపు జబ్బు వచ్చిన మనిషికి మాత్రం ఇది నరకం. బాత్రూం ఎటుందో, తలుపు ఎటుందో ఇప్పుడిప్పుడే అలవాటవుతుంటే మరో ఇంటికి మారుస్తారు. కొత్త గోడల మధ్య అయోమయం రెట్టింపవుతుంది. ‘మా ఇంట్ల మంచిగనే ఉండె, మీ ఇంటికి రాంగనే ఏమైంది?’ అని కోడళ్ల మధ్య తగవులు!

దీనికి మేలైన మార్గం ఒక్కటే. అమ్మను ఒకేచోట ఉంచండి. వంతులు మీరు మార్చుకోండి. కొడుకులు, కోడళ్లు, ఆడబిడ్డలు ఎవరు ఏ రోజు వచ్చి ఉంటారో కూర్చుని రాసుకోండి. రాలేనివారు మందుల ఖర్చో, పనిమనిషి జీతమో భరించాలి.

పాలమూరు కష్టం మరొక రకం. ముంబై, పుణె బస్సులెక్కి కూలికి పోయే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వలస పోయిన ఇంట్లో మిగిలేది ముసలివాళ్లు, బడికి పోయే పిల్లలు. తాతకు మతి తప్పితే చూసుకునేది పదేళ్ల మనవరాలు! పనిచేసే చోటికి తీసుకెళ్తే ఎరగని పట్నంలో దారి తప్పే ప్రమాదం. ఇలాంటి ఇల్లు మీ ఊళ్లో ఉంటే ఆశా కార్యకర్తకు చెప్పండి, 14567కు ఫోన్ చేయండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తొంగి చూసే పక్కింటావిడ ఉన్నా ఆ పిల్లకు కొండంత బలం.

ఇంట్లో ఇలా చేసి చూడండి

* వాదించకండి. “ఇప్పుడే గదా తిన్నవ్!” అంటే రోషం వస్తుంది. “ఒండుతున్న అత్తమ్మా, అప్పటిదాకా ఇది తిను” అని రొట్టె ముక్కో, అరటిపండో చేతికివ్వండి. ఒకేసారి నిండుగా పెట్టే బదులు కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు పెట్టండి.

* పోయిందన్న వస్తువును మీరూ కలిసి వెతకండి. దాచే చోట్లు చాలావరకు అవే ఉంటాయి. దిండు కింద, బియ్యం డబ్బా, పాత ట్రంకుపెట్టె.

* పొద్దుగూకేవేళకు కంగారు పెరుగుతుంది. ముందే లైట్లు వేయండి. టీవీ శబ్దం తగ్గించండి. మధ్యాహ్నం నిద్ర ఎక్కువ కాకుండా చూడండి.

* పత్తి చేను మందు డబ్బాలు, యాసిడ్ సీసాలు తాళం వేసిన చోట పెట్టండి. గ్యాస్ రెగ్యులేటర్ ఆపేయండి. పెరట్లో బావి ఉంటే మూత వేయించండి.

* జేబులోనో, కొంగు ముడిలోనో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసిన చీటీ ఉండాలి. ఈమధ్య తీసిన ఫొటో మీ దగ్గర ఉంచుకోండి. కనిపించకపోతే ‘వస్తదిలే’ అని కూర్చోకుండా వెంటనే 112కు చెప్పండి.

* చెవుడు, చూపు మందగించడం ఉంటే చూపించండి. సగం అయోమయం వినబడక, కనబడక వచ్చేదే.

* పడుకోబెట్టడానికి మీ అంతట మీరే నిద్రమాత్రలు ఇవ్వకండి. పడిపోయి తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది.

* పట్టా, బ్యాంకు, పింఛను కాగితాల సంగతి మనిషికి తెలివి బాగున్నప్పుడే అందరి ముందూ మాట్లాడుకోండి. తర్వాత వేలిముద్ర వేయించుకునేవాళ్లు చాలామంది బయల్దేరతారు. ఆదరించని పిల్లల నుంచి పోషణ ఖర్చు ఇప్పించే చట్టం 2007 నుంచి ఉంది. ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మీకూ ఒక పూట కావాలి

‘ఒక్కోసారి గట్టిగా అరిచేస్తాను. తర్వాత నేనే ఏడుస్తాను.’ ఈ మాట అనని కోడలు, కూతురు అరుదు. కోపం రావడం పాపం కాదు. అది మీరు అలిసిపోయారనడానికి గుర్తు. వారంలో ఒక పూటైనా ఇల్లు వదిలి బయటకు వెళ్లండి. ఆ పూట మీ ఆయన ఇంట్లో ఉండాలి. తన తల్లికి స్నానం చేయించడం, బట్టలు మార్చడం ఆయనకూ తెలియాలి. చేతనైనవన్నీ పోయినా ఆమెకు మాట తీరు తెలుస్తుంది, చేతి స్పర్శ తెలుస్తుంది. అది కొడుకుదైనా ఒకటే, కోడలిదైనా ఒకటే.

నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం, ‘చచ్చిపోతే బాగుండు’ అనిపించడం... ఇలా ఉంటే ఇంకా ఆలోచించకండి. 14416కు చేయండి. ఈసారి అత్తగారి కోసం కాదు, మీ కోసం.

ఇక చివరి మాట ఆ ఇంట్లోవాళ్లకు కాదు, ఆ వీధిలో వాళ్లకు... అంటే మనకు. రేపు మీ వీధిలో ఎవరైనా పెద్దావిడ “కోడలు బువ్వ పెడ్తలేదు” అని చెబితే ఆ మాటను నాలుగిళ్లకు మోయకండి. “అట్లనా పెద్దమ్మా, దా, కూసో, జెర చాయ్ తాగు” అని పక్కన కూర్చోండి. ఆమె పాత ముచ్చట్లు వినండి. తర్వాత లోపలికి వెళ్లి ఆ కోడలితో, “నువ్వు జెరసేపు ఒరుగు బిడ్డా, పెద్దమ్మను నేను చూస్త” అనండి.

ఆ ఇంటికి అందే మొదటి కౌన్సెలింగ్ అదే కావచ్చు!